రీకన్ఫర్మ్ అంటే అడగడమా, చెప్పడమా?

1990లలో కరీంనగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు కౌంటర్లో ఆరేళ్ళు కూర్చున్నాను. దుబాయ్, మస్కట్, దమ్మామ్ పోయేవాళ్ళు, సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి పోయేవాళ్ళు, రోజంతా వాళ్ళతోనే పని. అప్పట్లో అన్నీ కాగితం టికెట్లే. సన్నటి పుస్తకంలా ఉండేది. ఒక్కో ప్రయాణానికి ఒక్కో కూపన్, వెనక ఎర్ర కార్బన్. కూపన్ మీద స్టేటస్ అని ఒక గడి ఉండేది. అందులో 'ఓకే' అని ఉంటే సీటు కన్ఫర్మ్ అయినట్టు. 'ఆర్‌క్యూ' అని ఉంటే అడిగాం, ఇంకా రాలేదు అని.

'ఓకే' ఉన్నా ఇంకో పని మిగిలే ఉండేది. తిరుగు ప్రయాణానికి కనీసం 72 గంటల ముందు ప్రయాణికుడు ఎయిర్‌లైన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి టికెట్ రీకన్ఫర్మ్ చేయాలని చాలా ఎయిర్‌లైన్స్ నియమం పెట్టుకున్నాయి. చేయకపోతే సీటు తీసేసి ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. రెండు నెలల సెలవుకి వచ్చినవాళ్ళలో కొందరు తేదీ మార్చుకుంటారు, కొందరు అసలు తిరిగి పోరు. ఎవరు నిజంగా ఎక్కుతారో ముందే తెలియడానికి ఆ ఏర్పాటు.

ఒకరోజు జగిత్యాల వైపు నుంచి ఒకాయన వచ్చాడు. టికెట్ తీసి చూపించి, "ఓకే అని ఉన్నది గద సార్, మల్ల ఏం జేయాలె?" అన్నాడు. "మూడు రోజుల ముందు రీకన్ఫర్మ్ చేసుకోవాలె అన్నా" అన్నాను. సరేనని తల ఊపి వెళ్ళాడు. చెప్పిన మాట మరిచిపోలేదు కూడా. ప్రయాణం వారం ఉందనగా, తనకి వీసా తెచ్చిన మనిషి దగ్గరికి పోయి "నా సీటు ఉన్నదా?" అని అడిగాడు. "ఉన్నది" అన్నాడతను. అడిగాడు, ఉందన్నారు. ఇక రీకన్ఫర్మ్ అయిపోయిందనే అనుకున్నాడు. బొంబాయి విమానాశ్రయంలో చూస్తే సీటు లేదు. తిరిగి అడుగుపెట్టడానికి ఇచ్చిన రీ-ఎంట్రీ వీసా గడువు ఇంకా నాలుగు రోజులే. మూడో రోజున ఇంకో ఎయిర్‌లైన్స్‌లో, అప్పు తెచ్చిన డబ్బుతో కొత్త టికెట్ కొని వెళ్ళాడు.

ఆ తప్పు నా మాటలో ఉంది. 'చేసుకోవాలె' అన్నాను. ఎయిర్‌లైన్స్‌కి కావాల్సింది అతను మాట ఇవ్వడం: 'నేను ఆ రోజు వస్తున్నాను, నా సీటు ఉంచండి' అని. 'చేసుకో' అంటే తెలుగులో ఏం వినిపిస్తుంది? నీ కోసం నువ్వు రూఢి తెచ్చుకో అని. అతను సరిగ్గా అదే చేశాడు. ఆ రోజు నుంచి ఈ క్రియ నన్ను వదల్లేదు. ఇప్పుడు నా పని అనువాదం. ఫారాలు, నోటీసులు, ఆస్పత్రి కాగితాలు, యాప్‌లలో వచ్చే వాక్యాలు తెలుగులోకి మారుస్తాను. వారంలో ఒక్కసారైనా 'ప్లీజ్ రీకన్ఫర్మ్' ఎదురవుతుంది. దాన్ని ఎలా విడదీసి చూస్తానో, ఎక్కడ ఏ మాట వాడతానో చెబుతాను.

ముందు దిక్కు చూడాలి

కన్ఫర్మ్‌లో ఉన్న 'ఫర్మ్' అంటే గట్టిది. ఊగుతున్న మాటని గట్టి చేయడం కన్ఫర్మ్. ఒకసారి గట్టి చేసిన దాన్ని, మధ్యలో రోజులు గడిచాయి కాబట్టి, ఇప్పటికీ గట్టిగానే ఉందా అని ఇంకోసారి తేల్చడం రీకన్ఫర్మ్. కాబట్టి మొదటి షరతు: ముందొకసారి కన్ఫర్మ్ అయి ఉండాలి. అసలు ఖాయమే కాని దానికి రీకన్ఫర్మ్ వాడితే ఎదుటివాళ్ళు 'నేను ఎప్పుడో ఒప్పుకున్నానా?' అని తికమక పడతారు. హాలు బుక్ చేయమని ఇప్పుడే మొదటిసారి అడుగుతూ 'రీకన్ఫర్మ్ చేయండి' అని మెసేజ్ పెట్టేవాళ్ళని చూస్తుంటాను. అక్కడ కన్ఫర్మ్ చాలు.

రెండోది, అసలైనది. ఇంగ్లీషులో ఈ క్రియ రెండు దిక్కులకీ ఒకే రూపంలో ఉంటుంది. 'ఐ రీకన్ఫర్మ్‌డ్ ద బుకింగ్' అంటే, నేను వస్తున్నానని హోటల్‌కి మళ్ళీ చెప్పాను అని కావచ్చు. గది ఉందో లేదో హోటల్‌ని మళ్ళీ అడిగాను అని కావచ్చు. ఇంగ్లీషువాళ్ళకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. తెలుగు అలా ఊరుకోదు. 'కొను' అనే చిన్న క్రియతో దిక్కు తేల్చేస్తుంది. నిర్ధారించడం వేరు, నిర్ధారించుకోవడం వేరు. మొదటిదాంట్లో మాట నా నుంచి బయటికి పోతుంది. రెండోదాంట్లో మాట నా దగ్గరికి వస్తుంది. చెప్పడం, కనుక్కోవడం.

అందుకే ఇంగ్లీషు వాక్యం చేతికి రాగానే నేను అడిగే ప్రశ్న ఒకటే. ఇక్కడ మాట ఇవ్వాల్సింది ఎవరు? డాక్టరు గారి క్లినిక్ నుంచి 'ప్లీజ్ రీకన్ఫర్మ్ యువర్ అపాయింట్‌మెంట్' అని వస్తే మాట ఇవ్వాల్సింది రోగి. కాబట్టి 'మంగళవారం 10 గంటలకి వస్తున్నారో లేదో మాకు చెప్పండి' అని రాస్తాను. 'మీ అపాయింట్‌మెంట్‌ను మళ్ళీ నిర్ధారించుకోండి' అని రాస్తే రోగి ఆ మెసేజ్‌లో ఉన్న తేదీని ఇంకోసారి చూసుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. క్లినిక్ వాళ్ళు జవాబు కోసం చూస్తూ ఉంటారు. అదే, 'బయల్దేరే ముందు రైలు టైమింగ్స్ రీకన్ఫర్మ్ చేయండి' అన్నప్పుడు ప్రయాణికుడు ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు. అక్కడ 'మరోసారి చూసుకోండి' అనాలి.

మూడో వాడుక కూడా ఉంది. మనిషి కాకుండా ఒక వస్తువో ఒక ఫలితమో కర్తగా ఉన్నప్పుడు. ఒకసారి పిల్లల సైన్సు పాఠం అనువాదం చేస్తుంటే తగిలింది: సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి వంగుతుందన్న ఐన్‌స్టీన్ లెక్క 1919 గ్రహణంలో కన్ఫర్మ్ అయింది, 1922లో ఆస్ట్రేలియాలో కనిపించిన గ్రహణం దాన్ని రీకన్ఫర్మ్ చేసింది అని. ఇక్కడ తెలుగులో 'మరోసారి రుజువైంది' అంటే చక్కగా కూర్చుంటుంది. గ్రహణం వచ్చి 'ధ్రువీకరించింది' అని రాయాల్సిన పని లేదు.

ఏ మాట ఎక్కడ

తెలుగులో దీనికి మాటలు తక్కువేం కాదు. చాలానే ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఇల్లు ఉంది. ఇల్లు మార్చి పెడితే వాక్యం అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

'ధ్రువీకరించు' అధికారం ఉన్నవాళ్ళ నోట బాగుంటుంది. ధ్రువం అంటే కదలనిది, ధ్రువ నక్షత్రంలో ఉన్నది అదే. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం అంటాం. ఒక అధికారి సంతకం పెట్టి 'ఇది నిజం' అన్నాడని అర్థం. ప్రమాదవార్తని పోలీసులు ధ్రువీకరిస్తారు. మా మేనత్త రేపు భోజనానికి వస్తుందో లేదో ధ్రువీకరించదు, చెబుతుంది. స్పెల్లింగు కూడా గుర్తు పెట్టుకోండి. ధ్రువ అని రాయాలి, ధృవ కాదు. ఈ తప్పు ఆఫీసు బోర్డుల మీద కూడా కనిపిస్తుంది.

'నిర్ధారించు' పరీక్ష చేసి తేల్చే చోట. జబ్బు నిర్ధారణ అయింది, నిర్ధారణ పరీక్ష చేయించారు అంటాం. అందులో ధ ఒత్తు పెట్టాలి, థ కాదు. 'ఖరారు' తేదీలకి, ధరలకి, జాబితాలకి. పాత దస్తావేజుల్లో కనిపించే కరారునామాలోని కరారే ఇది. పరీక్షల తేదీలు ఖరారయ్యాయి, అభ్యర్థిని ఖరారు చేశారు అంటాం. 'ఖాయం'లో ఇక తిరుగు లేదన్న నమ్మకం ఉంటుంది. సంబంధం ఖాయమైంది, గెలుపు ఖాయం. 'రూఢి' విన్న మాట నిజమో కాదో తేల్చుకునే చోటిది. 'ఊళ్ళో అంటున్నారు, ఇంకా రూఢిగా తెలియదు' అంటాం. ఎవరో చెప్పిన కబురుని రీకన్ఫర్మ్ చేసుకోవడానికి 'రూఢి చేసుకో'ని మించిన మాట నాకు దొరకలేదు. అది ఈమధ్య వాడుకలో తగ్గిపోతోంది. నాకు బాధగా ఉంటుంది.

ఇక రోజువారీ మాటల్లో 'పక్కా', 'గట్టిగా'. "పక్కా వస్తున్నవా?" "గట్టిగా కనుక్కో." వీటిని రాతలో పెట్టడానికి చాలామంది వెనకాడతారు. స్నేహితులకి పంపే మెసేజ్‌లో, ఊళ్ళో కట్టే ప్రకటనలో నిరభ్యంతరంగా పెట్టండి.

'పునరుద్ఘాటించు'ని మాత్రం దీనితో కలపకండి. అది తన వైఖరిని నలుగురిలో మళ్ళీ నొక్కి చెప్పడం. పథకం ఆపేది లేదని మంత్రి పునరుద్ఘాటించారు అంటే సరే. బస్సు టైము ఎవరూ పునరుద్ఘాటించరు.

పునర్ తగిలించే ముందు

రీ కనబడగానే 'పునః' తగిలించడం మాకు, అంటే అనువాదం చేసేవాళ్ళకి, అలవాటు. తగిలిస్తే సంధి సరిగ్గా చేయండి. క, ప లాంటి పరుషాల ముందు విసర్గ నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన. చ వస్తే శ్చ అవుతుంది, టీచర్ల పునశ్చరణ తరగతుల్లో ఉన్నది అదే. అచ్చులు, గ జ ధ న లాంటి అక్షరాలు వస్తే ర్ అవుతుంది: పునరావాసం, పునర్జన్మ, పునర్నిర్మాణం. ఆ లెక్కన పునర్ధ్రువీకరణ, పునర్నిర్ధారణ సరైన రూపాలు. 'పునఃనిర్ధారణ' తప్పు. 'మళ్ళీ పునర్ధ్రువీకరించండి' అంటే మళ్ళీ అన్నమాట రెండుసార్లు వచ్చినట్టే. 'మళ్ళీ రీకన్ఫర్మ్ చేయండి' కూడా అంతే. రెండోసారి రీకన్ఫర్మ్ చేసి ఇప్పుడు మూడోసారి అడుగుతుంటే తప్ప అది అక్కర్లేదు.

సంధి సరిగ్గా కుదిరినా ఆ మాట మనిషికి చేరకపోవచ్చు. జగిత్యాల ఆయన సంగతి జరిగాక ఆఫీసులో టికెట్‌తోపాటు ఒక చీటీ ఇద్దామనుకున్నాం. నేను రాసిన మొదటి చీటీ: 'తిరుగు ప్రయాణమునకు 72 గంటల ముందుగా టికెట్టును పునర్ధ్రువీకరించవలెను.' వ్యాకరణం బాగానే ఉంది. ఒక్కరూ దాన్ని చదివి ఫోన్ చేయలేదు. రెండోసారి 'రీకన్ఫర్మ్ చేయండి' అని రాశాను. ఇది చదివి మా దగ్గరికే వచ్చి "రీకన్ఫర్మ్ జెయ్యి సార్" అని టికెట్ చేతికిచ్చేవాళ్ళు. కొంత నయం. మూడోసారి క్రియనే తీసేశాను: 'తిరిగి పోయే రోజుకి మూడు రోజుల ముందే ఈ నంబరుకి ఫోన్ చేసి, నేను ఫలానా తేదీ విమానానికి వస్తున్నాను, నా సీటు ఉంచండి అని చెప్పండి. చెప్పకపోతే సీటు పోతుంది. ఫోన్ ఎత్తినవారి పేరు, చెప్పిన తేదీ, టైము ఈ చీటీ వెనక రాసుకోండి.'

ఈ చీటీ పని చేసింది. ఎస్‌టీడీ బూతుల్లో నిలబడి చీటీలో ఉన్న వాక్యాన్నే ఉన్నదున్నట్టు ఫోన్‌లో చదివి వినిపించినవాళ్ళు ఉన్నారు. రీకన్ఫర్మ్‌కి తెలుగు ఏమిటని నన్ను అడిగితే 'వస్తున్నాను, సీటు ఉంచండి' అని చెబుతాను, కనీసం విమానం టికెట్ల వరకు. 2008 జూన్ 1 నుంచి ప్రపంచంలో ఎయిర్‌లైన్స్ దాదాపుగా కాగితం టికెట్లు మానేసి ఈ-టికెట్లకి వచ్చేశాయి. 72 గంటల నియమం కూడా చాలా చోట్ల పోయింది. మాట మాత్రం హోటళ్ళకి, క్లినిక్‌లకి, ఆఫీసు ఈమెయిళ్ళకి పాకింది.

క్రియే లేని రీకన్ఫర్మ్

మనం మాటల్లో ఎక్కువగా రీకన్ఫర్మ్ చేసేది ఏ క్రియతోనూ కాదు, 'కదా'తో. చెల్లెలి ఇంటికి పండక్కి పిలిచారు, వస్తామన్నాం. ముందురోజు బావగారు ఫోన్ చేసి "వస్తున్నారు కదా?" అంటారు. అదే ఆయన "వస్తున్నారా?" అని ఉంటే మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. వస్తామని చెప్పాం కదా, నమ్మలేదా అనిపిస్తుంది. 'వస్తున్నారా' చివర ఉన్న 'ఆ' విషయాన్ని మొదటినుంచి తెరుస్తుంది. 'కదా' మీరిచ్చిన మాట నాకు గుర్తుంది అని ఒప్పుకుంటూనే ఇంకోసారి అడుగుతుంది. మర్యాద పోకుండా రీకన్ఫర్మ్ చేయాలంటే ఇదే దారి. వంటాయనతో "రేపు మధ్యాహ్నం రెండొందల మందికే కదా అన్నా?", పంతులు గారితో "ముహూర్తం 9:42కే కదండీ?"

దీంతో ఒక చిక్కుంది. 'కదా'కి జవాబుగా 'ఆ, అవును' అనేయడం చాలా తేలిక. వినకపోయినా అనేస్తాం. అందుకని ప్రాణంతో, డబ్బుతో ముడిపడ్డ చోట 'కదా' వాడకండి. ఆస్పత్రి కాగితాలు అనువాదం చేస్తూ ఇది నేర్చుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రత చెక్‌లిస్టులో, మత్తు ఇచ్చే ముందే రోగి తన పేరు, ఆపరేషన్ ఏ భాగానికి, ఏ ఆపరేషన్, ఒప్పుకోలు ఇచ్చిందీ కన్ఫర్మ్ చేయాలని ఉంటుంది. దీన్ని 'మీ పేరు లక్ష్మి కదా, ఎడమ మోకాలే కదా' అని తెలుగులో పెడితే భయంతో, ఆకలితో పడుకున్న మనిషి దేనికైనా తల ఊపుతుంది. 'మీ పేరు చెప్పండమ్మా. ఏ కాలికి ఆపరేషన్? చేత్తో చూపించండి' అని రాయాలి. జవాబు రోగి నోటినుంచి రావాలి, మన నోటినుంచి కాదు.

అంకెల విషయంలోనూ ఇదే. ఫోన్‌లో పదిహేను, పదిహేడు ఒకేలా వినిపిస్తాయి. అటువైపు మనిషిని 'ఒకటి, ఐదు' అని విడివిడిగా చెప్పించండి. తేదీకి వారం జత చేయండి. మరీ ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక ఉన్న విమానాలు. 12వ తేదీ 00:40 అని టికెట్ మీద ఉంటే 12వ తేదీ రాత్రి భోంచేసి విమానాశ్రయానికి వచ్చినవాళ్ళు ఉన్నారు, అప్పటికి విమానం వెళ్ళి దాదాపు రోజు అయిపోయింది. అలాంటి టికెట్ ఉన్నవాళ్ళతో '11వ తేదీ రాత్రి తొమ్మిదింటికల్లా విమానాశ్రయంలో ఉండాలి' అని నేను చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితో ఆ వాక్యం చెప్పించుకునేవాణ్ణి.

యాప్‌లు, ఫారాలు

ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. 'కన్ఫర్మ్ పాస్‌వర్డ్' అన్న గడికి 'పాస్‌వర్డ్‌ను నిర్ధారించండి' అని రాయడం మానండి. 'అదే పాస్‌వర్డ్ మళ్ళీ టైప్ చేయండి' అనండి. బ్యాంకు ఖాతా నంబరు రెండోసారి అడిగే చోట 'ఖాతా నంబరు మరోసారి రాయండి'. డబ్బు పంపే ముందు పేరు చూపించే చోట 'ఈ పేరు మీరు పంపాలనుకున్నవారిదేనా చూసుకోండి'. చూసుకోండి అన్నాం కాబట్టి అక్కడ 'కొను' ఉండాలి, మాట మనకోసం మనం తెచ్చుకుంటున్నాం.

మెసేజ్ రాసేటప్పుడు

మీరే ఎవరికైనా రాయాల్సి వస్తే పాత మాటని ముందు పెట్టండి, కొత్త ప్రశ్నని తర్వాత పెట్టండి. 'గత ఆదివారం మాట్లాడుకున్నట్టు, 18వ తేదీ శనివారం ఉదయం ఏడింటికి కారు పంపుతామన్నారు. ఇప్పటికీ అదే టైమేనా? టైము, డ్రైవర్ నంబరు రాసి పంపండి.' ఇందులో ఏది ముందే ఖాయమైందో ఉంది, ఏం అడుగుతున్నామో ఉంది, జవాబు 'ఓకే' ఒక్కటే వస్తే సరిపోదని కూడా ఉంది. పెద్దవాళ్ళకైతే 'ఒక్కసారి చెప్పగలరా అండీ' అని ముగించండి. 'కైండ్లీ రీకన్ఫర్మ్' అని పెద్దమ్మకో గురువుగారికో పంపితే నోటీసు అందుకున్నట్టు ఉంటుంది.

మీరు మాట ఇచ్చే పక్షమైతే ఇంకా చిన్నగా: 'నమస్తే, 18న ముగ్గురం వస్తున్నాం, మార్పు లేదు.' ఆ 'మార్పు లేదు'లోనే రీ మొత్తం ఉంది.

జవాబు రాకపోతే ఏమవుతుందో కూడా మెసేజ్‌లోనే రాసేయండి. మా చీటీలో 'చెప్పకపోతే సీటు పోతుంది' అన్న వాక్యం చదివాకే జనం ఫోన్ దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో వాళ్ళకి, స్నేహితులకి అంత కటువుగా అక్కర్లేదు. 'రేపు సాయంత్రం ఆరింటిలోగా మీ కబురు లేకపోతే నేనే ఫోన్ చేస్తాను' అని రాయండి, ఆరింటికి ఫోన్ చేయండి.